కంప వేసిన ఇల్లు

1935 అక్టోబరు 21

చుట్టాలంతా వెళ్ళిపోయారు. రిజిస్ట్రారు కచేరీలో పాడైన కాగితాలు కుట్టి ఈ పుస్తకం చేసుకున్నాను. పన్నెండేళ్ళుగా ఆ కచేరీ పంచలో కూర్చుని గిద్దలూరు వాళ్ళ ఇళ్ళూ పొలాలూ దస్తావేజుల్లో రాస్తున్నాను. నా సంగతి నేను రాసుకునే తీరిక ఇప్పుడు దొరికింది. ఇలా దొరకాలా అని అడిగేవాళ్ళు ఎవరూ లేరు.

మణెమ్మ అత్త గొడ్ల కొట్టంలో ఉంటున్నాం. నేను, అలివేలు, అమ్మ. ఒక పక్క ఆవు, ఒక పక్క మేము. ఆవుకు మా మీద ఏ ఫిర్యాదూ లేదు. ఊళ్ళో మనుషులకే ఉంది. ధనిష్ఠలో చావు పడ్డ ఇంటి నుంచి వచ్చినవాళ్ళకు అద్దెకు ఇల్లు ఎవరిస్తారు? నేనైనా ఇవ్వను.

రాస్తే బరువు తగ్గుతుందేమో, రాసి చూస్తాను. దసరా పండగ నాడు మా కృష్ణమ్మ పోయింది. ఐదేళ్ళు నిండలేదు. నాలుగు రోజుల జ్వరం. ఆ రోజు తెల్లవారుజాము నుంచీ ముసురు, పొద్దు ఎక్కడుందో తెలియలేదు. పిల్ల ఊపిరి ఆగినప్పుడు స్టేషను వైపు నుంచి బండి కూత వినబడింది. సిద్ధాంతి గారు వచ్చి ఎప్పుడు పోయిందని అడిగితే, మూడు గంటల బండి కూసినప్పుడు అని నేనే చెప్పాను. మా వీధిలో గడియారం ఎవరికీ లేదు, ఆ బండే మాకు గడియారం. ఆయన పంచాంగం చూసి, రెండు గంటలకే శ్రవణం వెళ్ళి ధనిష్ఠ వచ్చిందన్నారు. ధనిష్ఠలో పోతే ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలి. శవాన్ని వాకిలి గుండా తీసుకుపోకూడదు. పెరటి గోడకు గండి కొట్టి, నా బిడ్డను ఆ గండిలోంచి తీసుకుపోయాను. తర్వాత ఎవరో తలుపుకు అడ్డంగా రేగు కంప వేశారు.

సిద్ధాంతి గారు లెక్క చూస్తుంటే అలివేలు పొయ్యి గురించి ఏదో అంది. పప్పు ఇంకా దించలేదనో ఏదో. ఆ స్థితిలో ఉన్న తల్లి మాట ఎవరు పట్టించుకుంటారు?

ఆ సాయంత్రం ఎంతకూ చీకటి పడలేదు.

అక్టోబరు 29

అలివేలు ఈ రోజు కూడా కంప దగ్గరికి పోయి వచ్చింది. అక్కడ ఏం చేస్తావని అడిగితే, నిలబడతాను అంది.

నవంబరు 10

అమ్మ అన్నం పెడుతూ అంది.

"ఆ ఇంట్లోకి మళ్ళ పోవద్దు నాయనా. పిల్లను మింగిన కొంప అది. అమ్మేసి యాడన్నా మంచి ఇల్లు చూడు."

అలివేలు ఆవుకు కుడితి పెడుతోంది. తల ఎత్తకుండానే అంది. "ఆరు నెల్లని కద చెప్పినారు అత్తా. ఏప్రిల్ నెలకు అయిపోతాది. అయిపోయినంక కంప తీసి, కడుక్కోని, దీపం పెట్టుకుంటా."

"పెట్టుకోని ఏం చేస్తావే?"

"ఉంటా."

అమ్మ నా వైపు చూసింది. నేను అన్నం వైపు చూశాను. కొత్త ఇల్లు కొనాలని అప్పుడే నిర్ణయించుకున్నాను. నాకు ఇలాంటి పట్టింపులు లేవు. దోషాలూ గీషాలూ రోజూ పంచలో కూర్చుని విని నవ్వుకునేవాణ్ణి. ఇదంతా అలివేలు కోసం. ఆ గోడల మధ్య మళ్ళీ కూర్చుంటే ఆమె ఏమైపోతుందో.

నవంబరు 24

మొదటి ఇల్లు చూశాం. వీధి సరిగ్గా వచ్చి గుమ్మానికి తగులుతోంది. వీధి పోటు ఉన్న ఇల్లు వద్దన్నాను. అమ్మేవాడికి కోపం వచ్చింది. "మా తాత ఈ ఇంట్లోనే తొంబై ఏండ్లు బతికినాడు" అన్నాడు. అయితే ఎందుకు అమ్ముతున్నావని అడగబోయి ఊరుకున్నాను.

అలివేలు గది గదీ తిరిగి చూసింది. బయటికి వచ్చాక అడిగింది. "మన పెరటి గోడ గండి పూడ్చినారా? వాన పడితే మన్ను నానిపోదా?"

పూడుస్తారులే అన్నాను.

డిసెంబరు 8

కొమరోలు పోయే బాటలో రెండో ఇల్లు. మిద్దె మంచిదే, దూలాలు టేకువి. బావి నీళ్ళు తియ్యగా ఉంటాయన్నారు. తాగి చూస్తే ఉప్పు వేసి కలిపినట్టుంది. అలివేలు కూడా తాగి, బాగున్నాయి అంది. ఆమెకు ఏ ఇల్లైనా బాగుంటుంది. దారిలో మళ్ళీ అడిగింది, గండి సంగతి.

డిసెంబరు 15

మూడోది. ద్వారాలు లెక్కపెడితే ఏడు. సరి సంఖ్య ఉండాలి. ఒకటి మూసేస్తే ఆరు అవుతాయి కదా అన్నాడు ఇంటాయన. మూసిన ద్వారం ద్వారమే. నేనెంత పట్టుదలగా చూస్తున్నానో ఊరంతా చెప్పుకుంటున్నారట. చెప్పుకోనీ. ఈసారి ఇంట్లో ఏ లోపమూ ఉండకూడదు.

డిసెంబరు 16

ఇది రాయకూడదనుకున్నాను.

జ్వరం వచ్చిన మూడో రోజే అలివేలు కంభం ఆసుపత్రికి తీసుకుపోదామంది. బండి కట్టించమంది. పండగ వెళ్ళనీ, ఈ రెండు రోజులకే కొంపలు మునగవు అన్నాను. ఆ మాట నడి ఇంట్లో, స్తంభానికి ఆనుకుని కూర్చుని అన్నాను. చేతిలో ఎవరిదో క్రయపత్రం ఉంది, సగం రాసినది.

ఆ ఇంట్లోకి నేను పోలేను.

డిసెంబరు 17

నిన్నటిది కొట్టేయాలి. ఇల్లు అలివేలు కోసమే.

1936 జనవరి 9

దొరికింది. తూర్పు వాకిలి. రెండు గదులు, ముందు వసారా, పెరట్లో తియ్యటి నీళ్ళ బావి. ఎనిమిది ద్వారాలు. నా పేరుతో ఇంటి కొలతలకు ఆయం లెక్క చూస్తే సరిపోయింది. వీధి పోటు లేదు. స్టేషనుకు దూరం, కూత సన్నగా తప్ప వినబడదు. ఇంటామె నరసమ్మ ఒంటరి మనిషి, కురిచేడులో తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోతోంది. ఇంటిని వదల్లేక గోడలు తడుముతూ చూపించింది.

"ఈ మూల చల్లగా ఉంటాది నాయనా. పిల్లోల్లను ఎండాకాలం ఈడ పండుకోబెట్టుకోండి. ఎంతమంది పిల్లోల్లు?"

"ఒక పాప" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. నోటికి అలవాటైన జవాబు వచ్చేసింది. అలివేలు నా వైపు చూసింది. నరసమ్మ, "ఆడబిడ్డ ఇంటికి లచ్చిమి" అని నవ్వింది. ఆమెకు ఎవరూ చెప్పలేదు కాబోలు. నేనూ చెప్పలేదు.

బయటికి వచ్చాక అలివేలు గండి గురించి అడగలేదు. మొదటిసారి అడగలేదు. ఇల్లు నచ్చిందన్నమాట.

జనవరి 19

పాతది అమ్మితే గాని కొత్తది కొనలేను. ధనిష్ఠ ఇంటిని కొనేవాడెవడు అనుకుంటుంటే అలివేలుకు చిన్నాయన వరసయ్యే కాటమరాజు మామ కచేరీకి వచ్చాడు. ఆయనకు మూడు మందల గొర్రెలున్నాయి. వానాకాలంలో గొర్రెపిల్లలను కట్టుకోను చోటు లేదట.

"నచ్చత్రాలు గొర్లకు తెల్వవు అల్లుడా. నాకూ తెల్వవు. గోడలు గట్టిగుండాయి, చాలు. అలివేలమ్మకు చెప్పినావా?"

"చెప్తాను మామా."

"చెప్పి అమ్ము. ఆ బిడ్డ రోజూ ఆడికి పోయి నిలబడతాంది. నేను చూస్తానే ఉండా."

జనవరి 27

దస్తావేజు నేనే రాశాను. ఇంకొకరిచేత రాయించుకుంటే నవ్వుతారు.

హద్దులు సులువుగానే వచ్చాయి. తూర్పున వీధి, దక్షిణాన ఆంజనేయులు గారి గోడ, పడమర మా పెరటి గోడ, ఉత్తరాన బండ్ల దారి. కొన్ని వందల ఇళ్ళకు రాసిన మాటలే, చెయ్యి తనంతట తాను పోతోంది. చివర్లో ఎప్పుడూ రాసే మాట దగ్గరికి వచ్చాను. ఈ దినం మొదలుకొని ఈ ఇంటి మీద నాకు గాని నా వారసులకు గాని.

అక్కడ ఆగిపోయాను. సిరా ఆరిపోయింది. పక్కనున్న లేఖరి, ఏం రంగనాయకులూ, మాట మరిచిపోయావా అన్నాడు. అవునన్నాను. తర్వాత పూర్తి చేశాను. ఆ మాట తీసేస్తే దస్తావేజు చెల్లదు.

నాకు వారసులు లేరని నాకు ఆ క్షణం దాకా తెలియనట్టు ఏడుపు వచ్చింది. కచేరీ వెనక్కి పోయి ఏడ్చాను.

ఫిబ్రవరి 2

అలివేలుకు ఇంకా చెప్పలేదు. కొత్త ఇంటికి సున్నం వేయించాక ఒకేసారి చెబుతాను. సంతోషిస్తుంది.

ఫిబ్రవరి 5

చెప్పలేదు. రేపు.

ఫిబ్రవరి 9

పొద్దున కంప దగ్గరికి పోయిన అలివేలు తొందరగానే తిరిగి వచ్చింది. కొట్టం గుమ్మంలో నిలబడి అంది.

"కంప తీసేసినారు. లోపల గొర్లుండాయి."

"అమ్మినాను" అన్నాను.

నా మాటలూ ఇక్కడి మాటల్లాగే వస్తాయి ఇంట్లో. కాగితం మీదే పెద్దమనిషిని. అమ్మినాను, నీ కోసమే అమ్మినాను, మంచి ఇల్లు, నువ్వు చూసినదే, నరసమ్మ ఇల్లు అని ఏమేమో చెప్పాను. ఆమె లోపలికి వచ్చింది. ఆవుకు గడ్డి వేసింది. అది అప్పటికే తిని పడుకున్న ఆవు.

ఫిబ్రవరి 10

మాట్లాడలేదు.

ఫిబ్రవరి 16

మాట్లాడింది. ఉప్పు తెమ్మంది.

మార్చి 1

కొత్త ఇంట్లో పాలు పొంగించాం. ముహూర్తం సిద్ధాంతి గారే పెట్టారు. పాలు తూర్పు వైపుకే పొంగాయి. అమ్మ సంబరపడింది. అలివేలు అన్నీ సక్రమంగా చేసింది, గడపకు పసుపు రాసింది, వచ్చినవాళ్ళకు తాంబూలాలిచ్చింది. అంతా చక్కగా ఉంది. ఈ ఇంట్లో ఏ లోపమూ లేదు.

మార్చి 4

ఈ ఇంట్లో ఏ లోపమూ లేదు. అలివేలు వసారాలో పడుకుంటోంది. లోపల చల్లగా ఉంటుంది, రమ్మన్నాను. రాలేదు.

మార్చి 12

స్టేషనులో టిక్కెట్లిచ్చే ప్రకాశరావు గారు వచ్చారు. గుంటూరు వైపు మనిషి, ఇక్కడికి వచ్చి ఏడాదిన్నర. అద్దె చీటీ రాయించుకోవాలట. రాస్తూ, మీ బండ్లు వేళకు నడిస్తే మా కక్షిదారులు కూడా వేళకు వస్తారండీ అని ఎగతాళి చేశాను. అందరినీ చేసినట్టే చేశాను. ఒక్క మూడు గంటల బండి మాత్రం ఎప్పుడూ తప్పదని కూడా అన్నాను.

"అదీ తప్పుతుందండీ. మొన్న దసరాకి తప్పింది కదా. వానకి దిగువమెట్ట అవతల కట్ట కోసుకుపోయింది. ఆ రోజు మూడు గంటల బండే రాలేదు."

"వచ్చింది. నేను కూత విన్నాను" అన్నాను.

"అది కంకర బండండీ. కట్ట బాగు చెయ్యడానికి మనుషుల్నీ కంకరనీ తీసుకెళ్ళింది. పన్నెండున్నరకి వెళ్ళింది. నేనే జెండా ఊపించాను. ఇంక బండ్లు లేవని ఒంటిగంటకల్లా ఇంటికెళ్ళి పండగ భోజనం కూడా చేశాను. బాగా గుర్తుంది నాకు."

కూత ఒక్కటేనా అని అడిగాను. ఆ రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా మా ఊళ్ళో కూసింది అదొక్కటే అన్నాడు.

చీటీ మీద సిరా పడింది. కొత్త కాగితం తీసుకుని మళ్ళీ రాశాను. ఆయన సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.

మార్చి 13

సిద్ధాంతి గారింటికి పోయాను. పంచాంగంలో దసరా నాటి పేజీ తీయించాను. పన్నెండున్నర అయితే ఏ నక్షత్రం అని అడిగాను. ఆయన వేలు పెట్టి చూశాడు.

"శ్రవణం. విష్ణు నక్షత్రం. దోషమేమీ లేదు. ఎవరికి?"

మా పాపకు అన్నాను. ఆయన చాలాసేపు పంచాంగం మూయలేదు.

"నువ్వు మూడు గంటల బండి అన్నావు కద నాయనా. నేను నీ మాట మీద చూసినా."

నిజమే. ఆయన తప్పేమీ లేదు. ఇల్లు విడిచిపెట్టనక్కర్లేదు. గండి కొట్టనక్కర్లేదు. నా బిడ్డ వాకిలి గుండానే, అందరు పిల్లల్లాగే పోవలసింది. దాన్ని దొంగసొత్తులా పెరటి గోడలోంచి మోసుకుపోయాను. ఆ ఇంట్లో ఏ దోషమూ లేదు. ఉన్నదంతా నేనే.

మార్చి 15

చెప్పలేదు.

మార్చి 18

చెబితే ఇప్పుడు ఏం వస్తుంది? కొత్త ఇంట్లో ఆమె కుదురుకుంటోంది. నిన్న బావి దగ్గర పక్కింటావిడతో మాట్లాడింది.

మార్చి 20

మాట్లాడిందని రాశాను. చేద తాడు అడిగింది, అంతే.

మార్చి 29

ఉగాది వెళ్ళింది. ఈ రోజు చెప్పాను. ఆమె వసారాలో బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నేను గుమ్మంలో నిలబడి ప్రకాశరావు చెప్పినదీ, సిద్ధాంతి గారు చెప్పినదీ అంతా చెప్పాను. ఒక్క మాట కూడా దాచలేదు.

ఆమె చేట కింద పెట్టింది.

"నేను ఆ పొద్దే చెప్పినా."

"ఏం చెప్పినావు?"

"పప్పు దించలేదు అని. పండగనాడు మనింట్లో నడి మద్యాన్నానికంతా పప్పు దింపుతాం. పాప పోయినప్పుడు అది ఇంకా పొయ్యి మీదనే ఉండాది. నైవేద్యం పెట్టలేదు, ఎవురం అన్నం తినలేదు. మూడు గంటల దాకా పండగపూట ఏ ఇంట్లోనన్నా పొయ్యి మండతాదా? సిద్ధాంతి గారికి చెప్పినా. నీకు చెప్పినా. బండి కూసింది, నీకు తెల్వదు, ఊరుకో అన్నావు."

ఊరుకో అన్నానా? అన్నాను. గుర్తొచ్చింది. అదే గొంతుతో అన్నాను, పండగ వెళ్ళనీ అన్న గొంతుతో.

"మరి ఇన్ని నెలలు ఎందుకు మళ్ళీ చెప్పలేదే?" అని అడిగాను.

"ఆరు నెల్లే కద, మనిల్లు మనకుండాది, పోనీలే అనుకున్యా" అంది. చేట మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది.

ఆ పూట అన్నం వండింది. నాకు పెట్టింది. నేను తిన్నాను కూడా. మనిషి ఇంత సిగ్గులేకుండా తినగలడని నాకు ఈ రోజే తెలిసింది.

మార్చి 31

కాటమరాజు మామ దగ్గరికి పోయి, ఇల్లు తిరిగి ఇవ్వమని కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. ఆయన తుండుగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు.

"ఇయ్యనని కాదు అల్లుడా. నడి గోడ పడగొట్టినా. పొయ్యి తీసేసినా. పైకప్పు దంతెలు మార్చినా. నువ్వడిగే ఇల్లు ఆడ లేదు. ఆ బిడ్డను ఎప్పుడు కావాలంటే అప్పుడు రమ్మను. నా కూతురనుకుంటా."

ఇంటికి వచ్చి అలివేలుకు చెప్పాను. వింది.

ఏప్రిల్ 7

ఈ రోజుతో ఆరు నెలలు. నేను గుర్తు చేయలేదు. ఆమె తెల్లవారగానే లేచి తలస్నానం చేసింది. గుమ్మం దిగి వీధిలోకి నడిచింది. వెనకాలే పోయాను. దారి పొడవునా ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. నేను వస్తున్నట్టు ఆమెకు తెలుసు.

కాటమరాజు మామ మందను అప్పుడే బయటికి తోలాడు. లోపల చిన్న గొర్రెపిల్లలు మాత్రం ఉన్నాయి. అలివేలును చూసి గుమ్మానికి కట్టిన తడక పూర్తిగా తీసి పక్కకు జరిగాడు.

"రా తల్లీ."

"తడక వేసుకోవచ్చునా చిన్నాయనా?"

"వేసుకో. పొద్దుగుంకేదాకా మంద రాదు."

ఆమె లోపలికి అడుగు పెట్టింది. నేనూ చెప్పులు విడిచాను. గడప మీద కాలు పెట్టబోతే వెనక్కి తిరిగి, నా ముఖం లోకి చూసి అంది. కోపంగా అనలేదు. పక్కింటివాళ్ళకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది.

"నువ్వు అమ్మినావు. నేను అమ్మలేదు. నువ్వాడనే ఉండు."

తడక వేసుకుంది. కాసేపు గొర్రెపిల్లల అరుపులు వినబడ్డాయి. తర్వాత చీపురు చప్పుడు. తర్వాత ఆమె గొంతు. ఎవరితోనో మెల్లగా మాట్లాడుతోంది, తిట్టినట్టు కాదు, బతిమాలినట్టు కాదు, ఇంటి పని చేసుకుంటూ పిల్లతో మాట్లాడినట్టు. మాటలు తెలియలేదు. తడకకు చెవి ఆనించడానికి ధైర్యం చాలలేదు.

దారిన పోయేవాళ్ళు, ఏం రంగనాయకులూ, ఇక్కడ కూర్చున్నావు అని అడిగారు. ఏదో చెప్పాను. మధ్యాహ్నం మామ మజ్జిగ తెచ్చి ఇచ్చాడు. ఆమెకు కూడా తడక సందులోంచి అందించాడు. చెంబు లోపలికి పోయింది, ఖాళీగా బయటికి వచ్చింది.

చీకటి పడ్డాక వచ్చింది. కలిసి నడిచాం. 

ఏప్రిల్ 8

ఈ రోజు కూడా పోయింది. నేను కచేరీకి పోకుండా ఆమె వెనకాలే పోయి బయట కూర్చున్నాను.

ఏప్రిల్ 11

కచేరీ వాళ్ళు మనిషిని పంపారు. నాలుగు దస్తావేజులు ఆగి ఉన్నాయట. ఇంకొకరిచేత రాయించుకోమని చెప్పి పంపాను.

తడక వేసే ఉంది. బయట కూర్చున్నాను.